తకావో కొండకు వాలంటీర్ గైడు వెంట: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మా అమ్మను తకావో కొండకు తీసుకెళ్లిన సంగతి నాలుగు ముక్కల్లో రాశాను. చదవనివాళ్ల కోసం మళ్లీ చెబుతా. తకావో టోక్యోకు పడమటి అంచున, హచియోజి ఊరి పరిధిలో ఉంది. ఎత్తు 599 మీటర్లే అయినా పన్నెండు వందల ఏళ్లకు పైగా పుణ్యక్షేత్రం. రిటైరైన ఒక పెద్దాయన, వాలంటీర్ గైడు, మా దగ్గర పైసా తీసుకోకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మమ్మల్ని తిప్పి చూపించాడని రాశాను. అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. మోకాళ్ల గురించి కొన్ని, తిండి గురించి చాలా, ఒకటి మాత్రం బాగా కోపంగా. ఈసారి పేజీ మొత్తం వాటికే. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి టోక్యోలో ఉద్యోగం. వచ్చే నవంబర్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. మీరు రాసింది చదివి వాడు గైడ్ కోసం అప్పుడే రాసేశాడట. నాకు 63 ఏళ్లు, మోకాళ్లు అంతంతమాత్రం. పదేళ్ల కిందట అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లాను, ఇప్పుడు నావల్ల కాదు. వాడితో ఈ మాట అంటే "చిన్న కొండేలే అమ్మా" అంటున్నాడు. నిజం చెప్పండి. (హైదరాబాద్ నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మగారూ, అబ్బాయి చెప్పిందీ నిజమే, మీ భయమూ నిజమే. అలిపిరిలో మీరు ఎక్కినవి 3,550 మెట్లు. తకావోలో అంత లేదు, పైగా సగం దూరం కూర్చుని పోవచ్చు. కొండ కింద కేబుల్ కార్ ఉంది. ఆ పేరు వినగానే గాల్లో వేలాడే పెట్టె గుర్తొస్తుంది కానీ ఇది పట్టాల మీద తాడుతో లాగే చిన్న రైలు, 1927లో మొదలైంది. ఒకచోట వాలు 31 డిగ్రీల 18 నిమిషాలు ఉంటుంది, జపాన్‌లో ఈ రకం రైళ్లలో ఇంతకన్నా నిటారుగా ఎక్కేది లేదు. మా అమ్మ ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది, తెరిచేసరికి వచ్చేశాం, ఆరు నిమిషాలే కదా. సముద్ర మట్టానికి 201 మీటర్ల దగ్గర ఎక్కితే 472 దగ్గర దింపుతుంది. ఇక మీరు మీ కాళ్లతో ఎక్కాల్సింది నూటముప్పై మీటర్ల లోపు ఎత్తు. అక్కణ్నుంచి శిఖరం దాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముప్పావుగంట పడుతుంది, మీరు గంటన్నర అనుకోండి, తొందరేం లేదు.

దారి మొదట్లో చదునుగా, సిమెంటు వేసి ఉంటుంది. కాసేపటికి రెండుగా చీలుతుంది. ఒకవైపు "మగ వాలు", అంటే 108 మెట్లు. ఇంకోవైపు "ఆడ వాలు", మెట్లు లేకుండా చుట్టూ తిరిగి వెళ్లే దారి. మనిషిని పట్టి లాగే క్లేశాలు 108 అని బౌద్ధుల లెక్క, మెట్టుకొకటి వదిలించుకుంటూ పోవాలట. ఆ పేర్లు వినగానే మా అమ్మకు రోషం వచ్చింది. "నాకెందుకు ఆ పక్కదారి" అని మెట్లెక్కడం మొదలుపెట్టి, ముప్పయ్యో మెట్టు దగ్గర కూలబడి "డెబ్బై ఎనిమిది క్లేశాలు నాకు ఉండనీ" అని దిగొచ్చేసింది. గైడుకు ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పేసరికి ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. రెండు దారులూ పైన మళ్లీ కలుస్తాయి కాబట్టి మీరు ముందే పక్కదారి పట్టండి.

అసలు మెట్లు గుడి దగ్గర మొదలవుతాయి. యకువోయిన్ ఆలయం కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంటుంది. పెద్ద మందిరం, దాని వెనక ఇంకాస్త ఎత్తులో ఇజునా దేవుడి మందిరం, ఆపైన లోపలి గుడి. మధ్యలో నిటారు మెట్లు. ఇక్కడే మోకాళ్లు పట్టేస్తాయి. ఎక్కడం కన్నా దిగడం కష్టం, మీకు తెలిసిందే, కాబట్టి దిగేటప్పుడు కూడా కేబుల్ కార్ వదలకండి, ఎవరు ఎంత ఎగతాళి చేసినా సరే.

ముఖ్యమైన మాట ఇంకోటి. గైడుకు రాసిన ఉత్తరంలో మీ అబ్బాయి మీ మోకాళ్ల సంగతి రాశాడా? రాయకపోతే ఇవాళే రాయించండి. ఈ పెద్దవాళ్లు మీ వయసు, మీ నడక చూసుకుని దారి ముందే ఎంచుకుంటారు. కొందరైతే ముందు రోజు తాము ఒకసారి నడిచి చూసుకుంటారు కూడా. అక్కడికొచ్చాక "నాకు మోకాళ్లు నొప్పులు" అంటే ఆయన వేసుకున్న లెక్కంతా తారుమారవుతుంది, పాపం మొహమాటానికి ఏమీ అనడు.

ఇక నవంబర్ అంటారా, ఆకులు ఎర్రబడే కాలం, టోక్యో సగం అక్కడే ఉంటుంది. శని ఆదివారాల్లో కేబుల్ కార్ క్యూ గంట కూడా పడుతుంది. పైగా నెలాఖరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. మామూలు రోజున, పొద్దున్న తొమ్మిదికల్లా కొండ కింద ఉండేలా చూసుకోండి. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి కేయో కంపెనీ రైలు ఎక్కితే తకావోసాన్‌గుచి స్టేషన్‌కు గంట లోపే, టికెట్ ఐదొందల యెన్లు కూడా కాదు.

ప్రశ్న: ఆఫీసు పని మీద టోక్యోలో అయిదు రోజులు ఉంటాను, శనివారం ఖాళీ. ఫ్రీ గైడ్ అంటే నిజంగా ఫ్రీనా, చివర్లో ఏదైనా మెలిక ఉంటుందా? టిప్ ఎంతివ్వాలి? (బెంగళూరు నుంచి)

జవాబు: మెలిక లేదు. జపాన్‌లో "గుడ్‌విల్ గైడ్" అనే పద్ధతి 1979 నుంచీ ఉంది, జాతీయ పర్యాటక సంస్థ అండతో మొదలైంది. ఊరూరా బృందాలున్నాయి. ఎక్కువమంది రిటైరైనవాళ్లు, ఇల్లాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్లకు కావాల్సింది ఇంగ్లిష్ మాట్లాడే అవకాశం, తమ ఊరిని ఒకరికి చూపించే సరదా. గైడు చేసినందుకు డబ్బులుండవు. కానీ ఆ రోజు ఆయన రైలు టికెట్, కేబుల్ కార్, ఎక్కడన్నా లోపలికి వెళ్లడానికి టికెట్ ఉంటే అది, కలిసి తింటే మధ్యాహ్నం భోజనం, ఇవి మీరు పెట్టుకోవాలి. ఇది ముందే రాసి ఉంటుంది, చాలామంది చదవరు. కొండ నడకలకు కొన్ని బృందాలు ఇన్సూరెన్స్ కోసం కాస్త డబ్బు తీసుకుంటాయి, అది ఇచ్చేయండి.

టిప్ ఇవ్వకండి. చేతిలో నోటు పెడితే ఆయన ఇబ్బంది పడతాడు, మీరు బలవంతం చేస్తే ఇంకా ఇబ్బంది పడతాడు. డబ్బు తీసుకునే గైడే కావాలంటే వాళ్లూ ఉన్నారు. 2018 జనవరిలో చట్టం మారాక లైసెన్స్ లేనివాళ్లు కూడా ఫీజు తీసుకుని గైడ్ పని చేయొచ్చు. వాలంటీర్‌ను పిలిచి ఆయన్ని టాక్సీ డ్రైవర్‌లా చూడటం కన్నా అది నయం. ఏదైనా ఇవ్వాలని మనసు పీకుతుంటే ఊరి నుంచి ఒక చిన్న స్వీట్ పెట్టె తీసుకెళ్లండి, విడివిడిగా కాగితం చుట్టినవైతే మంచిది, ఎందుకంటే ఆయన అవి తీసుకెళ్లి బృందంలో అందరికీ తలా ఒకటి పంచుతాడు. నేను పూతరేకులు ఇచ్చాను. తెరిచేసరికి పొడి పొడి అయిపోయాయి, మీరు ఆ తప్పు చేయకండి.

అన్నట్టు శనివారం ఖాళీ ఉందని శుక్రవారం రాస్తే ఎవరూ దొరకరు. రెండు మూడు వారాల ముందు రాయండి.

ప్రశ్న: మాకు జరిగింది చెబుతాను, ఇది న్యాయమేనా చెప్పండి. పోయిన నవంబర్‌లో నేను, మావారు, ఇద్దరు పిల్లలు తకావో వెళ్లాం. రైలు మారడంలో తికమకపడి నలభై నిమిషాలు లేటుగా చేరాం. ఆ వాలంటీర్ గైడు దారిలో ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఏదో చెబుతూనే ఉన్నాడు. గుడి దగ్గరికి వచ్చేసరికి రెండున్నర దాటింది. ఇక దిగిపోదాం అన్నాడు. శిఖరం ఇరవై నిమిషాలే అని బోర్డు కనిపిస్తూనే ఉంది. ఫుజీ కనిపించేది అక్కణ్నుంచేగా, డాలస్ నుంచి అంత దూరం వచ్చి చూడకుండా దిగామంటే ఎలా ఉంటుంది చెప్పండి. పిల్లలు ఏడుపు మొహం పెట్టారు.

జవాబు: మీ కోపం అర్థమైంది, కానీ నేను గైడు పక్షమే.

లెక్క వేసి చూడండి. శిఖరానికి ఇరవై నిమిషాలు అన్నది బోర్డు లెక్క, ఇద్దరు పిల్లలతో అరగంట. పైన ఫోటోలు, బాత్రూం, పిల్లలకు ఏదో ఒకటి కొనడం, ఇంకో అరగంట. మళ్లీ కేబుల్ కార్ దాకా దిగడానికి ముప్పావుగంట, అక్కడ నవంబర్ క్యూ. దేవదారు చెట్ల కింద నాలుగింటికే చీకటి కమ్ముతుంది. మీలో ఎవరి చేతిలోనైనా టార్చ్ ఉందా? ఆయన చేతిలో ఉండే ఉంటుంది, అయినా చీకట్లో మీ నలుగురూ జారిపడకుండా చూడటం ఆయన పని కాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే జీతం లేకుండా వచ్చిన ఆ మనిషి జవాబు చెప్పుకోవాలి. ఆ నలభై నిమిషాలూ ఆయన స్టేషన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడని కూడా గుర్తుపెట్టుకోండి, మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. లేటవుతుందంటే ఒక మెసేజ్ పెడితే చాలు, వాళ్లు ఏమీ అనుకోరు. చెప్పకుండా లేటైతేనే కంగారు పడతారు.

"ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఏదో చెబుతూ" అన్నారే, నాకు అసలు అక్కడే గుచ్చుకుంది. ఆ చెట్ల గురించి వినడానికే గైడును పిలిచేది. లేకపోతే ఆ దారికి గైడు ఎందుకండీ, బోర్డులు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, లక్షల మంది సొంతంగా ఎక్కి దిగుతున్నారు. దారి పక్కన "ఆక్టోపస్ దేవదారు" అని నాలుగు వందల యాభై ఏళ్ల చెట్టు ఉంది, చూశారు కదా, వేళ్లు ఆక్టోపస్ కాళ్లలా వంకర తిరిగి ఉంటాయి. యాత్రికుల దారి వెడల్పు చేయడానికి ఆ చెట్టు కొట్టేద్దామని తెంగులు, అంటే కొండ మీద కాపలా ఉండే రెక్కల దేవతలు, మాట్లాడుకుంటుంటే చెట్టు విని భయపడి రాత్రికి రాత్రే తన వేళ్లు తనే ముడుచుకుని దారి ఇచ్చిందట. పదహారో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన హోజో వంశం వాళ్లు ఇక్కడ చెట్టు కొట్టకూడదని ఆజ్ఞ పెట్టారు, తర్వాత దేశాన్ని ఏలిన తొకుగావా వాళ్ల కాలంలోనూ అదే నడిచింది. అందుకే టోక్యో పక్కనే ఉన్నా ఈ చిన్న కొండ మీద పదహారు వందల రకాల మొక్కలు మిగిలాయని చెబుతారు. 1967లో రక్షిత పార్కుగా కూడా చేశారు.

ఇంకో సంగతి కూడా ఆయన చూపించే ఉంటాడు. దారి పొడుగునా చెక్క పలకల మీద జపనీస్ పేర్లు వరసగా కనిపిస్తాయి. మా అమ్మ "ఇవేంటి, ఓటర్ల లిస్టా" అంది. కాదు, దేవదారు మొక్కలు నాటడానికి గుడికి విరాళం ఇచ్చినవాళ్ల పేర్లు. మన గుళ్లలో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాయించుకుంటారే, అదే బాపతు, కాకపోతే ఫ్యాన్ బదులు చెట్టు.

ఇక శిఖరం. ఫుజీ కనిపించకుండా పోవడం బాధే, ఒప్పుకుంటా. కానీ నవంబర్ మధ్యాహ్నం పూట మబ్బు లేకుండా ఫుజీ కనబడటం మన చేతుల్లో లేదు, చలికాలం పొద్దుటి పూట అయితేనే ఎక్కువ ఆశ. ఆ శిఖరం మీద చదును చేసిన మైదానం, నూడుల్స్ హోటళ్లు, కూల్‌డ్రింకుల మెషిన్లు, ఫోటోల గుంపు, ఆ పక్కన ఒక విజిటర్ సెంటర్. బాగుంటుంది, కాదనను. కానీ ఆ కొండను పుణ్యక్షేత్రం చేసింది శిఖరం కాదు, మీరు ఆగిన గుడి. ఇది నా అభిప్రాయం, ట్రెక్కింగ్ మిత్రులు నాతో ఏకీభవించరు.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని. అక్కడి దేవుడిలో మన గరుత్మంతుడు, వినాయకుడు, సరస్వతి ఉన్నారని రాశారు. ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఇది నిజమా, మన వాట్సాప్ పరిశోధనా? (రాజమండ్రి నుంచి)

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ అనుమానం సహజం, ఈమధ్య అలాంటివి ఎక్కువయ్యాయి. ఇది మాత్రం ఆ గుడి వాళ్లు చెప్పేదే.

సంప్రదాయం ప్రకారం 744లో షోము చక్రవర్తి ఆజ్ఞతో గ్యోకి అనే బౌద్ధ భిక్షువు ఈ ఆలయం కట్టించాడు. మొదటి దేవుడు భైషజ్యగురువు, అంటే వైద్యుడైన బుద్ధుడు. యకువోయిన్ అన్న పేరు అందుకే వచ్చింది, ఔషధ రాజు ఆలయం అని. తర్వాత పాడుబడితే 1370ల్లో క్యోటో దగ్గరి దైగో-జి మఠం నుంచి షుంగెన్ అనే ఆచార్యుడు వచ్చి హోమాలు చేసి మళ్లీ నిలబెట్టాడు. అప్పటి నుంచి ఇక్కడి ప్రధాన దైవం ఇజునా దైగొంగెన్. గొంగెన్ అంటే బుద్ధుడో బోధిసత్వుడో లోకం కోసం తాత్కాలికంగా ఎత్తిన రూపం, మనం అవతారం అనేది దాదాపు అదే.

ఈ ఇజునా దేవుడిలో అయిదుగురు కలిసి ఉన్నారని గుడి చెబుతుంది. ముక్కు, రెక్కలు గరుడుడివి, జపనీస్‌లో కరురా. చేతిలో కత్తి, తాడు, వెనక మంటలు ఫుదో మ్యో-ఓవి. ఫుదో అంటే కదలనివాడు, సంస్కృతంలో అచలుడు, రెండింటికీ అర్థం ఒకటే. నిలబడింది తెల్లనక్క మీద, అది దాకినీతెన్‌ది, మన డాకినే. మిగతా ఇద్దరూ కంగితెన్, బెంజైతెన్. కంగితెన్ అంటే ఏనుగు తల దేవుడు, వినాయకుడు. బెంజైతెన్ సరస్వతి. ఇవన్నీ ఇండియా నుంచి చైనా మీదుగా మంత్రయాన బౌద్ధంతో పాటు వెళ్లినవే. హోమాన్ని అక్కడ గోమా అంటారు, శబ్దం కూడా పెద్దగా మారలేదు. రోజూ కొన్నిసార్లు గోమా చేస్తారు, పెద్ద డోలు, మంత్రాలు, మంట. కొండ సన్యాసులు శంఖం ఊదుకుంటూ వరసగా నడిచొస్తుంటే మా అమ్మ ఉన్నచోటనే చేతులు జోడించింది. రాళ్ల మీద, తాయెత్తుల మీద కనిపించే వింత అక్షరాలు సిద్ధం లిపి. మన దేశంలో వాడుక పోయింది, అక్కడ బీజాక్షరాలు రాయడానికి ఇంకా వాడుతున్నారు.

అయితే ఒక్క మాట. "చూశారా, అంతా మన దేవుళ్లే" అని గైడుతో వాదించకండి. నేనే ఆ తప్పు చేశాను. ఆయన మర్యాదగా విని, "మీ దేశంలో గరుడుడు నక్క మీద నిలబడతాడా?" అని అడిగాడు. నోరు మూతపడింది. వినాయకుడు కూడా అక్కడ మన ఇంటి బొజ్జ గణపయ్య కాదు. కంగితెన్ ఎక్కువగా ఇద్దరు ఏనుగు తలలవాళ్లు కౌగిలించుకున్న రూపం, చాలా చోట్ల విగ్రహాన్ని బయటికి చూపించరు, జాగ్రత్తగా పూజించాల్సిన దేవుడని భయభక్తులు. వెయ్యేళ్లకు పైగా వేరే ఊళ్లో పెరిగిన మన చుట్టాల బిడ్డలాంటివాళ్లు వీళ్లు, పోలికలు ఉంటాయి, అలవాట్లు వేరు. ఆ అలవాట్లు ఆయన నోట వినండి.

ఇంకొకటి మీకు నచ్చుతుంది. ఈ కొండలెక్కే భక్తులు "రొక్కోన్ షోజో" అని పలుకుతూ ఎక్కుతారు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు, ఈ ఆరూ శుభ్రపడాలి అని అర్థం. మనం గోవిందా గోవింద అంటూ ఎక్కుతామే, అలా. ఒకరు అంటే వెనకవాళ్లు అందుకుంటారు.

ప్రశ్న: ప్యూర్ వెజ్. కొండ మీద ఏం తినాలి? చెప్పులు విప్పాలా? (విజయవాడ నుంచి, ఇలాంటివే ఇంకో ఎనిమిది)

జవాబు: తకావోలో పేరున్నది తొరొరో సోబా, జిగురు దుంప తురుము వేసిన నూడుల్స్. చూడటానికి శాకాహారమే. కాదు. ఆ రసం ఎండు చేప తురుముతో కాస్తారు, బొనిటో అనే చేప. జపాన్‌లో శాకాహారులు మోసపోయేది మాంసం దగ్గర కాదు, ఈ రసం దగ్గరే. "నికు తో సకాన వ తబెమసెన్, కత్సువో దాషి మో దమే దెస్" అని చెప్పండి, మాంసం చేప తినను, చేప రసం కూడా పనికిరాదు అని. గైడు ఉంటే ముందే ఆయనకు చెప్పండి, ఆయనే అడుగుతాడు.

గుడిలో షోజిన్ భోజనం పెడతారు, సన్యాసుల వంట. మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు, రసం సముద్రపు నాచు, పుట్టగొడుగులతో. ముందు బుక్ చేసుకోవాలి, ఖరీదు ఎక్కువే, కానీ ఒక్కసారైనా తినాలి. కేబుల్ కార్ దిగిన చోట బియ్యప్పిండి ఉండలు పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు, వాసనకే కాళ్లు ఆగిపోతాయి. తెంగు మొహం అచ్చులో పోసిన నల్ల చిక్కుడు పూర్ణం కేక్ కూడా దొరుకుతుంది, పిండిలో గుడ్డు ఉందేమో అడిగి తినండి. నేనైతే పులిహోర పట్టుకెళ్లాను. గైడు రెండోసారి పెట్టించుకున్నాడు, ఎండుమిరపకాయ మాత్రం పక్కన పెట్టేశాడు. ఒకటే షరతు, కొండ మీద చెత్తబుట్టలు ఉండవు. తిన్న ఆకు, కాగితం, సీసా, అన్నీ మీ సంచిలోనే ఇంటిదాకా రావాలి.

చెప్పులు ఆవరణలో విప్పక్కర్లేదు, బూట్లతోనే తిరుగుతారు, మనకు మొదట ఒళ్లు జలదరిస్తుంది. చెక్క గచ్చు ఉన్న మందిరం లోపలికి వెళ్లేటప్పుడే విప్పాలి. ముందు నీటి తొట్టి దగ్గర చేతులు కడుక్కోండి. దండం పెట్టేటప్పుడు చప్పట్లు కొట్టకండి, అది షింతో, అంటే జపాన్ సొంత మతం, దాని గుళ్ల పద్ధతి, ఇది బౌద్ధాలయం. ఇక్కడ తికమక ఎక్కడంటే ఇజునా మందిరం ముందు షింతో గుళ్లకుండే తోరీ గేటు ఉంటుంది. 1868లో మెయిజీ ప్రభుత్వం బౌద్ధాన్ని, షింతోను విడగొట్టాలని ఆజ్ఞ పెట్టింది, 1872లో ఈ కొండ సన్యాసుల మతాన్నే నిషేధించింది. చాలా కొండల మీద గుళ్లు ఇటో అటో అయిపోయాయి. తకావోలో గేటూ ఉంది, బుద్ధుడూ ఉన్నాడు.

ప్రశ్న: పవిత్రమైన కొండ అంటున్నారు, ఆడవాళ్లను రానిస్తారా? నెలసరి సమయమైతే? అడగడానికి సిగ్గుగా ఉంది కానీ టికెట్లు బుక్ అయిపోయాయి. (వరంగల్ నుంచి)

జవాబు: సిగ్గెందుకమ్మా, నాకు వచ్చిన వాటిలో అసలైన ప్రశ్న ఇదే. తకావోలో ఎవరూ ఏమీ అడగరు, హాయిగా వెళ్లు. ఒకప్పుడు జపాన్‌లో చాలా పవిత్ర పర్వతాల మీదికి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. 1872లో ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. అయినా నారా ప్రాంతంలోని ఓమినె కొండల్లో సాంజో-గాతకె శిఖరానికి ఇప్పటికీ ఆడవాళ్లు రాకూడదని దారి మొదట్లోనే గేటు, బోర్డు ఉన్నాయి. చట్టం కాదది, అక్కడి ఆచారం, దాని మీద అక్కడా గొడవలున్నాయి. మిగతా చాలా చోట్ల నీకు ఆ బెడద లేదు. కొండ కిందా, గుడి దగ్గరా, పైనా బాత్రూంలు శుభ్రంగా ఉంటాయి, వాగు పక్కన వెళ్లే ఆరో నంబర్ దారిలో మాత్రం మధ్యలో ఉండవు, అది చూసుకో.

చిన్న చిన్నవి గబగబా. "ఫుజీ కూడా ఒక్క రోజులో ఎక్కేయొచ్చా?" వద్దండీ. 3,776 మీటర్లు, జూలై నుంచి సెప్టెంబర్ 10 దాకానే దారులు తెరుస్తారు, రాత్రికి రాత్రి పరిగెత్తి ఎక్కేవాళ్లను అక్కడ ఆపుతున్నారు. "బూట్లు ఏవి?" కేబుల్ కార్, గుడి మీదుగా వెళ్లే ఒకటో నంబర్ దారి అయితే మామూలు స్పోర్ట్స్ షూ చాలు, ఆరో నంబర్ దారిలో చివర్న వాగులోని రాళ్ల మీద నడవాలి, పట్టున్న బూట్లు కావాలి. "ఎదురొచ్చేవాళ్లంతా ఏదో అంటున్నారు, ఏం చెప్పాలి?" కొన్నిచివా అంటున్నారు, మీరూ అదే అనండి. గంటకు రెండొందల సార్లు అనాల్సి వస్తే నవ్వి తల వంచినా చాలు. "దిగాక స్టేషన్ పక్కన వేడినీళ్ల స్నానం ఉందట?" ఉంది, బాగుంటుంది, కానీ బట్టల్లేకుండా దిగాలి, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరువేరు. ఒంటి మీద పచ్చబొట్టు ఉంటే ఇలాంటి చోట్ల రానివ్వకపోవడం మామూలే, ముందు కనుక్కోండి. "అత్యవసరం అయితే?" 119, అంబులెన్స్‌కు అదే.

ప్రశ్న: తకావోలో నిప్పులు తొక్కుతారని విన్నాను. మా ఊళ్లో పీర్ల పండక్కి గుండం తొక్కుతారు, నేనూ చిన్నప్పుడు తొక్కాను. బయటివాళ్లను అక్కడ తొక్కనిస్తారా? (నల్లగొండ జిల్లా నుంచి)

జవాబు: తొక్కనిస్తారు అన్నా. ప్రతి ఏడాది మార్చి రెండో ఆదివారం, కొండ పైన కాదు, కింద స్టేషన్‌కు కాస్త దూరంలో ఉన్న ఖాళీ స్థలంలో జరుగుతుంది. పచ్చి కొమ్మలు కప్పిన పెద్ద కుప్పకు నిప్పు పెట్టి, మంట తగ్గాక సన్యాసులు మంత్రాలు చదువుతూ మొదట నడుస్తారు, తర్వాత వరసలో నిలబడ్డ మామూలు జనం. మీ ఊరి గుండమంత వేడి ఉండదు, మనదాకా వచ్చేసరికి దారి మధ్యలో నిప్పులు చాలావరకు చల్లారిపోతాయి. నేను నడిచాను, అరికాలికి వెచ్చగా తగిలింది అంతే, చలికే ఎక్కువ వణికాను. గైడు బృందాలు ఆ రోజుకు కూడా రావచ్చు, జనవరిలోనే రాసి పెట్టండి. ఒక సంచీ, ఒక పాత తువ్వాలు తప్పకుండా తీసుకెళ్లండి. బూట్లు, సాక్సులు విప్పి ఆ సంచిలో వేసి చేత్తో పట్టుకునే నడవాలి. మన అలవాటు కొద్దీ ఇవతల వదిలేశారో, నిప్పులు దాటాక అవతలివైపు తేలతారు, వాటి కోసం వేల మంది జనంలోంచి ఉత్త కాళ్లతో చుట్టూ తిరిగి రావాలి.